చేవ ఉన్న ఇల్లు

ఇంటిని విమర్శించడమేమిటి, విమర్శ అంటే పుస్తకాలకు గదా అంటారేమో. పుస్తకం నచ్చకపోతే మూసి పక్కన పెట్టొచ్చు. ఇల్లు నచ్చకపోయినా అందులోనే వండాలి, అందులోనే పడుకోవాలి. కనుక పుస్తకం కంటే ముందు విమర్శించవలసింది ఇంటినేనని నా వాదం.

ఈమధ్య కొత్త మోజు ఒకటి బయలుదేరింది. సెలవు దొరికితే చాలు, జనగామ దాటి అడవుల దారి పడుతున్నారు. లక్నవరం చెరువు, భూపాలపల్లి వైపు పాండవుల గుట్టలు, మహబూబాబాద్ జిల్లా గూడూరు దగ్గర భీమునిపాదం జలపాతం - ఇవన్నీ చూసొచ్చాక, "ఇలాంటి చోట మనకూ ఓ కర్ర ఇల్లుంటే!" అనిపిస్తుంది. అనిపించడంలో తప్పులేదు. మా బంధువుల్లో ఒకావిడకీ అనిపించింది. రంగుల ప్లాన్లు గీయించి తెచ్చి నా ముందు పరిచింది. పైన పెద్ద అక్షరాలతో "ప్రకృతిలో కలిసిపోయే ఇల్లు" అని రాసుంది.

బొమ్మలు ముచ్చటగానే ఉన్నాయి. వాగు ఒడ్డున ఇల్లు. ముందంతా అద్దాలు. నెత్తిమీద మహావృక్షం. చుట్టూ చెట్టు మొద్దుల కంచె. తీరా చూస్తే అవి మొద్దులు కావు. సిమెంటు మీద బెరడు గీతలు గీసి, గోధుమరంగు పూసినవి! పార్కుల్లో మీరూ చూసే ఉంటారు. ఊళ్ళో అయితే సరే, అడవి మధ్యలో అడవి వేషం ఎందుకండీ? కోకిల ముందు కూర్చుని కూత పెట్టినట్టుంటుంది.

అసలు చిక్కు రంగుతో కాదు. చూపుకి కలిసిపోవడం వేరు, ఆ చోటి స్వభావం తెలిసి మసలుకోవడం వేరు. ఆ స్వభావం చెప్పేవి మూడు - నీరు, గాలి, చెద.

ముందు నీరు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. ఆ వానలకే మోరంచవాగు పొంగి, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని ముంచేసింది. జనం మిద్దెలెక్కి ప్రాణాలు దక్కించుకోవలసి వచ్చింది. ఎండాకాలంలో వాగు ఎంత అందంగా ఉందో ఇంజనీరు చూస్తాడు. వానాకాలంలో ఎంతదూరం వస్తుందో అక్కడి ముసలమ్మ చెబుతుంది. ప్లాను గీసేముందు ఆమెను అడిగినవాడే నా దృష్టిలో శిల్పి.

ఇక గాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి - మేడారం అడవిలో వీచిన పెనుగాలికి వేలాది చెట్లు కూలిపోయాయి. అందుకని చెట్లు కొట్టెయ్యమని కాదు. ఇల్లే నాలుగడుగులు పక్కకి జరగాలి. కేరళలో లారీ బేకర్ చెట్టు కోసం గోడనే పక్కకి తిప్పి కట్టేవాడు. మర్యాదంటే అదీ.

మూడోది చెద. టేకు అయితే చెద పట్టదని ధీమాగా ఉంటాం గానీ, చెదకి లొంగనిది టేకులో చేవ మాత్రమే. పైన తెల్లగా ఉండే భాగాన్ని చెద సుఖంగా తింటుంది. మన పాత భవంతుల్లో కర్ర స్తంభాన్ని నేలలో పాతకుండా రాతి దిమ్మె మీద నిలబెట్టింది వట్టి సోకు కోసం కాదు. తడి ఎక్కకూడదని, చెద దొంగచాటుగా పాకకూడదని. కోయగూడేల్లో వెదురు తడికకి మట్టి మెత్తి, పైన గడ్డి కప్పిన ఇల్లు చూడండి. చూరు బాగా కిందికి దిగి ఉంటుంది. వాన జల్లు మట్టిగోడను తాకదు, మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. అద్దాల గోడ కట్టి, వేడికి తాళలేక ఏసీ పెట్టుకుని, దానికి ప్రకృతి అని పేరు పెట్టేవాళ్ళకి ఆ చూరు ఒక పాఠం.

రామప్ప గుడి 1213 నాటిది. కట్టింది రాతితో, చెట్టులా నటించలేదు. అయినా కొండలు, చెరువు, పొలాల మధ్య అక్కడే పుట్టినట్టుంటుంది. శిఖరానికి మాత్రం నీళ్ళమీద తేలేటంత తేలిక ఇటుకలు వాడారు, బరువు తగ్గాలని. 2021లో యునెస్కో దానికి ప్రపంచ వారసత్వ గుర్తింపు ఇస్తూ, పరిసరాల్లో భాగంగా గుడి కట్టిన తీరును ప్రత్యేకంగా చెప్పింది.

మరో మాట. అడవి మీద ప్రేమతో అడవి కలపే కొట్టించి ఇల్లు కట్టడం ఎలాంటి ప్రేమ? పల్లెల్లో పాత ఇళ్ళు కూలగొట్టినప్పుడు దూలాలు, దర్వాజలు అమ్మకానికొస్తున్నాయి. తరాలపాటు ఎండి నిగ్గుతేలిన కర్ర అది. భూమి సంగతీ ఉంది. ఏజెన్సీ గ్రామాల్లో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనకూడదు. చెట్టూ పుట్టా ముద్దొచ్చి, అక్కడి మనిషి హక్కు మాత్రం అడ్డమనిపిస్తే, అది ప్రకృతి ప్రేమ కాదు, ఆక్రమణ. మావాళ్ళ స్థలం ఏజెన్సీ బయటిదే గనుక ఆ దోషం లేదు.

అన్నిటికన్నా నన్ను నొప్పించింది వంటిల్లు. వాగు కనిపించేది హాల్లోంచి, చెట్లు కనిపించేది పడకగదిలోంచి. వంటింటికి మాత్రం వెనకవైపు గోడ, జానెడు కిటికీ. అంట్లు తోముకునే చోటు లేదు, బట్టలారేసుకునే తీగె లేదు. విశ్రాంతి కోసం కట్టే ఇంట్లో విశ్రాంతి ఎవరికి? టీ కాచేవాళ్ళకి అడవి అక్కర్లేదా? ఈ ఒక్క తప్పుకే ఆ ప్లానుకు నేను సున్నా వేస్తాను.

చేవ అనే మాట మనవాళ్ళు మానుకీ వాడారు, మనిషికీ వాడారు. ఇంటికీ వాడొచ్చునని నాకనిపిస్తుంది. వానొస్తే తట్టుకుని, గాలికి తలవంచి, పొరుగువాళ్ళ హక్కు తినకుండా, వండేమనిషికీ ఒక మంచి కిటికీ ఇచ్చిన ఇల్లు చేవగల ఇల్లు. అది కర్రదైనా సరే, మట్టిదైనా సరే.