ఇంటిపేరు లేని పాత్ర: ఎఫ్రుస్సీ కుటుంబ చరిత్రలో వలస, వస్తువు, స్మృతి

వ్యాససంగ్రహం

ఒడెస్సాలో ధాన్యం వ్యాపారంతో ఎదిగి పారిస్, వియన్నా నగరాలకు విస్తరించి, 1938 తర్వాత ఖండాలు దాటి చెదిరిపోయిన యూదు కుటుంబం ఎఫ్రుస్సీలది. ఆ వంశానికి చెందిన బ్రిటిష్ కుమ్మరి కళాకారుడు ఎడ్మండ్ డి వాల్ తమ పూర్వికుల జాడను వెదకుతూ రాసిన గ్రంథం ‘ది హేర్ విత్ ఆంబర్ ఐస్’ (2010). వారసత్వంగా సంక్రమించిన వస్తువులను ఆధారంగా చేసుకొని వంశచరిత్రను నిర్మించిన ఆయన పద్ధతిలోని బలాన్ని, పరిమితిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వంశచరిత్ర, వలస, నెట్సుకే, వియన్నా యూదులు, ఆర్కైవ్, స్మృతి

1. ప్రవేశిక

పురాణలక్షణాలలో వంశం, వంశానుచరితం అనే రెండింటినీ మన పూర్వులు వేరుగా చెప్పారు. భాగవతం ద్వాదశస్కంధంలోని నిర్వచనాన్ని అనుసరిస్తే, మొదటిది రాజుల పరంపర. రెండవది ఆ పరంపరను నిలిపినవారి నడవడి. ఎవరి తర్వాత ఎవరు అన్న వరుస దొరికినంత మాత్రాన వారు ఎలా బ్రతికారో తెలియదు. యూరోపియన్ కుటుంబ మూలాలను అన్వేషించే రచనలలో చాలావరకు జనన, వివాహ, మరణ నమోదులతో వంశవృక్షాన్ని పూర్తిచేసి అక్కడే ఆగిపోతాయి. డి వాల్ గ్రంథం ఆ వరుసను దాటి అనుచరితంలోకి ప్రవేశించింది. అయితే వంశానుచరితంలో చోటు ఎవరికి దక్కుతుంది? వంశంలో పుట్టినవారికేనా, వంశాన్ని నిలబెట్టినవారికి కూడానా? ఈ ప్రశ్నకు గ్రంథం ఇచ్చే సమాధానంలోనే దాని విలువ, దాని కొరత రెండూ ఉన్నాయి.

2. రెండు రకాల వలస

ఈ కుటుంబ చరిత్రలో వలస రెండుసార్లు జరిగింది. రెండింటి స్వభావం ఒకటి కాదు. మొదటిది సంకల్పించి చేసినది. బెర్డిచేవ్ నుంచి నల్లసముద్ర తీరంలోని ఒడెస్సాకు చేరిన మూలపురుషుడు గోధుమల ఎగుమతితో సంపన్నుడయ్యాడు. 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో ఆయన సంతతి వియన్నా, పారిస్ నగరాలలో బ్యాంకులు నెలకొల్పింది. వియన్నా రింగ్‌స్ట్రాసె వీధిలో వాస్తుశిల్పి తెయోఫిల్ హాన్సెన్ వారికోసం నిర్మించిన ప్రాసాదం ఆ ఆకాంక్షకు రూపం. అది వారి స్థిరత్వాన్ని లోకానికి చాటడానికి కట్టిన ఇల్లు.

రెండవది తరిమివేత. 1938 మార్చిలో ఆస్ట్రియా నాజీ జర్మనీ వశమైంది. ఎఫ్రుస్సీల ఇల్లు, బ్యాంకు, చిత్రాలు, గ్రంథాలయం అన్నీ చేజారాయి. గృహయజమాని విక్టర్, ఆయన భార్య ఎమ్మీ చెకోస్లొవాకియాలోని కోవెచెష్‌కు చేరారు. ఎమ్మీ ఆ సంవత్సరం అక్టోబరులో అక్కడే మరణించింది. విక్టర్ మరుసటి ఏడు ఇంగ్లండు చేరి, 1945లో టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో కన్నుమూశాడు. పిల్లలు ఇంగ్లండు, అమెరికా, మెక్సికో దేశాలలో స్థిరపడ్డారు. వారిలో ఒకడైన ఇగ్గీ 1947లో టోక్యో చేరాడు.

ఈ రెండు వలసల మధ్య తెగని సంబంధం ఉందని గ్రంథం చూపిస్తుంది. పారిస్‌లో ద్రూమోఁ 1886లో ప్రచురించిన యూదు వ్యతిరేక గ్రంథానికీ, 1894లో మొదలైన డ్రైఫస్ వ్యవహారానికీ అందులో తగిన స్థానం ఉంది. అందువల్ల 1938 నాటి విపత్తు పాఠకునికి అకస్మాత్తుగా ఊడిపడినట్లు తోచదు.

3. వస్తువు చూపిన దారి

గ్రంథానికి ఆధారం 264 నెట్సుకేలు. దంతంతోనూ కర్రతోనూ చెక్కిన ఈ చిన్న బొమ్మలు, జేబులు లేని జపాను దుస్తులలో నడికట్టుకు సంచిని వేలాడదీసేందుకు పుట్టినవి. ఒడెస్సాలో పుట్టి పారిస్‌లో కళాసేకర్తగా పేరుపొందిన షార్ల్ ఎఫ్రుస్సీ వీటిని కొన్నాడు. ప్రూస్ట్ నవలలోని స్వాన్ పాత్రకు ప్రేరణ ఇచ్చినవారిలో ఈయన ఒకడు. 1899లో తన పినతండ్రి కుమారుడైన విక్టర్ పెళ్ళికి వీటిని కానుకగా వియన్నాకు పంపాడు. యుద్ధానంతరం ఇగ్గీతో పాటు టోక్యోకు, అతని తర్వాత డి వాల్‌తో లండనుకు చేరాయి.

ఈ పద్ధతి వల్ల రెండు ప్రయోజనాలు కలిగాయి. మొదటిది, కోల్పోయిన వైభవాన్ని తలచుకొని వగచే ధోరణి నుంచి రచన తప్పించుకొంది. వస్తువును అనుసరించేవాడు అది ఎక్కడ ఉంది, ఏ గదిలో, ఎవరి చేతికి అందేటట్లు ఉంది అని అడగక తప్పదు. మట్టిని చేత్తో ఎరిగిన రచయితకు ఈ ప్రశ్నలు సహజం. రెండవది, కథాక్రమం తలక్రిందులైంది. నెట్సుకేలు ఒడెస్సాను ఎన్నడూ చూడలేదు కనుక గ్రంథం పారిస్‌తో మొదలవుతుంది. వంశమూలమైన ఒడెస్సా చివరి భాగంలో గాని రాదు. మూలస్థానం ఆరంభం కాదు, వెదకులాట చివరికి చేరుకొనే చోటు అని ఈ క్రమం సూచిస్తుంది.

పరిమితి కూడా ఇక్కడే ఉంది. విలువైన వస్తువును అనుసరించే చరిత్ర సంపద ఉన్నచోటికే నడుస్తుంది. మానే గీసిన ఆస్పరాగస్ చిత్రానికి 800 ఫ్రాంకులు అడిగితే షార్ల్ 1000 పంపాడు. చిత్రకారుడు ఒక్క కాడను విడిగా చిత్రించి దానికి బదులుగా పంపాడు. ఆ అదనపు 200 ఫ్రాంకులకు కూడా కళాచరిత్రలో చోటు దక్కింది. గ్రంథంలోని మరొక పాత్రకు మాత్రం పూర్తి పేరైనా దక్కలేదు.

4. ఆన్నా

వియన్నా ప్రాసాదంలో నెట్సుకేల అద్దాల బీరువా అతిథులు కూర్చొనే సభామందిరంలో లేదు, ఎమ్మీ అలంకరణ గదిలో ఉంది. ఆమె ముస్తాబవుతున్నంతసేపు పిల్లలు ఆ బొమ్మలతో ఆడుకొనేవారు. ఆమెను ముస్తాబు చేసే పరిచారిక ఆన్నా. అంటే కుటుంబానికి అది విశ్రాంతి స్థలం. ఆన్నాకు పని స్థలం. గెస్టపో సిబ్బంది ఇంటిలోని చిత్రాలను, వెండిని మూటగట్టుతున్న రోజులలో ఆమె మూడు నాలుగు చొప్పున నెట్సుకేలను ఏప్రన్ జేబులో వేసుకొని తన గదికి చేర్చింది, పరుపులో దాచింది. 1945 డిసెంబరులో వియన్నాకు వచ్చిన కుమార్తె ఎలిజబెత్‌కు వాటిని అప్పగించింది.

ఆన్నా పూర్తి పేరు తనకు తెలియదని, తర్వాత ఆమె ఏమైందో కూడా తెలియదని డి వాల్ గ్రంథంలోనే చెప్పుకొన్నారు. తెలియని చోట కల్పన చేయకపోవడం ఆయన పరిశోధక నిజాయితీ. అయితే ఈ లోటును ఒక వ్యక్తి మరపుగా చదవడం చాలదు. ఇదే గ్రంథంలో వియన్నా యూదు సమాజపు నమోదు పుస్తకాల ప్రస్తావన ఉంది. 1938 నాటి నాజీ ఉత్తర్వు ప్రకారం యూదు పురుషులకు ‘ఇజ్రాయెల్’, స్త్రీలకు ‘సారా’ అనే పేర్లను బలవంతంగా చేర్చారు. విక్టర్ పేరుకూ ఆ ముద్ర పడింది. ఈ రెండు సందర్భాలను పక్కపక్కన పెట్టి చూడాలి. హింసించే రాజ్యం విక్టర్‌కు లేని పేరును తగిలించింది. ప్రేమించిన కుటుంబం ఆన్నాకు ఉన్న పేరును అడగలేదు. ఈ రెండూ సమానమైన తప్పులని కాదు. కాని ఎవరి పేరు ఎంతవరకు నమోదు కావాలో అధికారం నిర్ణయిస్తుందన్న సత్యం రెండింటిలోనూ ఉంది.

తెలుగులో వంశనామాన్ని ఇంటిపేరు అంటాం. ఇంటిని కాపాడిన మనిషికి ఆ ఇంటి కథలో ఇంటిపేరు లేకపోవడంలోని వైపరీత్యం ఈ మాటలోనే వినిపిస్తుంది. వంశవృక్షం రక్తసంబంధాన్ని మాత్రమే గుర్తిస్తుంది, ఊడిగాన్ని గుర్తించదు. ఆన్నా లేకపోతే ఈ వంశానుచరితమే లేదు. వంశంలో మాత్రం ఆమె లేదు.

5. ముగింపు

2018లో డి వాల్ కొన్ని నెట్సుకేలను వేలం వేయించి ఆ ధనాన్ని శరణార్థుల సహాయానికి ఇచ్చారు. సేకరణలో అధికభాగాన్ని వియన్నాలోని యూదు మ్యూజియంకు దీర్ఘకాలిక ప్రదర్శన కోసం అప్పగించారు. వారసత్వం అంటే కుటుంబంలో దాచుకోవలసినదే కాదన్న గ్రంథ సారాన్ని ఈ చర్య ఆచరణలో నిరూపించింది.

కుటుంబ పత్రాలు, ఉత్తరాలు, ఆత్మకథలు ఆధారంగా పనిచేసే పరిశోధకులకు ఈ గ్రంథం ఇచ్చే పాఠం స్పష్టం. ఆధారం ఎవరి చేతుల మీదుగా మనదాకా వచ్చిందో అడగడం ఆధారాన్ని చదవడంలో భాగం. ఆ చేతుల పేర్లు దొరకనప్పుడు ఆ ఖాళీని పూడ్చకుండా, దాచకుండా చూపాలి. డి వాల్ అంతవరకు చేశారు. ఆ ఖాళీ ఎలా ఏర్పడిందో వివరించడం విమర్శకు మిగిలిన పని.