గోడ దగ్గరే ఆగిపోవద్దు

కుస్కో గురించి యాత్రికులు రాసేవి చాలావరకు రాతిగోడ దగ్గరే ఆగిపోతాయి. పెరూలోని ఆండీస్ కొండల్లో, దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న ఇంకాల రాజధాని అది. సున్నం లేకుండా రాయికి రాయి అతికించిన పనితనం గొప్పదే. మరి ఆ రాళ్లు పేర్చినవాళ్ల మనవలు ఏమయ్యారు?

హోసే మరియా అర్గేదాస్ నవల ‘లోతైన నదులు’ (1958) ఈ ప్రశ్నతోనే మొదలవుతుందని మేము అనుకుంటాం. ఎర్నెస్తో అనే పిల్లవాడు తండ్రితో కుస్కో వస్తాడు. ఇంకాల గోడను తడిమితే రాళ్లు ఏటినీళ్లలా కదులుతున్నట్టు తోస్తుంది. ధనిక బంధువు ఇంట్లో తలెత్తడానికి జంకే వెట్టిమనిషి కనిపిస్తాడు. గోడకు దక్కే గౌరవం, దాన్ని కట్టిన జాతి మనిషికి దక్కదు. రెండింటినీ ఒకే అధ్యాయంలో పెట్టడమే ఈ నవల బలం.

తర్వాత అబన్కాయ్‌లో, మొక్కజొన్న కల్లు అమ్మే ఆడవాళ్లు దోన్యా ఫెలిపా వెంట తిరగబడి, దాచిన ఉప్పును బయటికి తీసి పాలేర్లకూ పంచుతారు. ఇక్కడ రాళ్లు కాదు, మనుషులే కదులుతారు.

ఒక లోటు చెప్పాలి. వెట్టివాళ్ల బాధంతా వాళ్ల మధ్య పెరిగినా వాళ్లవాడు కాని పిల్లవాడి కళ్లతోనే చూస్తాం. వాళ్లే చెప్పుకుంటే కథ మరోలా ఉండేది.

అర్గేదాస్ స్పానిష్‌లో రాస్తూనే కెచువా మాటల్నీ పాటల్నీ అందులో నిలిపాడు. తెలుగులో రాసే కోయ, గోండు, సవర పిల్లలూ తమ మాటను చెరిపేసుకోనక్కర్లేదు. పంతుళ్లు కూడా దాన్ని తప్పుగా దిద్దకూడదు.