అందరినీ తీసేస్తే తప్పు లేదా?

గ్రన్విక్ సమ్మె మాట ఎత్తితే మనవాళ్ళు చాలామంది, అది గుజరాతీ ఆడవాళ్ళ ఫ్యాక్టరీ గొడవ, మనకేమిటి సంబంధం అంటారు. అలా అనేవారు ఆ తగాదాపై లార్డ్ జస్టిస్ స్కార్మన్ విచారణ సంఘం 1977 ఆగస్టులో ఇచ్చిన నివేదిక సంగతి తెలుసుకోవాలి. అది పెద్దమనిషి తీర్పే. అయినా మాకు దానిమీద అసంతృప్తి ఉంది.

జరిగింది ఇది. లండన్‌లో విల్స్‌డెన్ వైపు గ్రన్విక్ అనే ఫోటో ఫిల్ములు కడిగే సంస్థ. 1976 ఎండాకాలం, జనం సెలవుల్లో తీసిన ఫిల్ములు టపాలో వచ్చిపడే రోజులు. ఆగస్టు 20న దేవ్‌షీ భూదియా అనే కుర్రవాణ్ణి పని నెమ్మదిగా చేస్తున్నాడని తీసేశారు. ఆ సాయంత్రమే, ఇంటికి బయలుదేరుతున్న జయాబెన్ దేశాయ్‌ని ఓవర్‌టైము చెయ్యమన్నారు. మాటా మాటా పెరిగి ఆవిడ కొడుకుతో సహా బయటికి నడిచింది. తర్వాత సమ్మెలో చేరిన 137 మందినీ సంస్థ తొలగించింది.

అన్యాయంగా తొలగిస్తే ట్రిబ్యునల్‌కు వెళ్ళే హక్కును 1971 చట్టమే ఇచ్చింది. కాని అప్పట్లో సమ్మె చేసినవారిలో కొందరినే ఏరి తీసేస్తేనే ట్రిబ్యునల్ వినేది. అందరినీ తీసేసి, ఒక్కరినీ తిరిగి తీసుకోకపోతే వినేది కాదు! ఒక రోగికి తప్పు మందిస్తే విచారణ, వార్డంతటికీ ఇస్తే విచారణ లేదన్నట్టుండేది. (1999 చట్టం సమ్మెకారులకు 8 వారాల రక్షణ ఇచ్చింది, 2004లో అది 12 వారాలయింది. గ్రన్విక్ వాళ్ళకు అప్పటికే ఆలస్యం.)

స్కార్మన్ ఈ లొసుగు పట్టుకున్నాడు. సంస్థ చట్టం అక్షరానికి లోబడింది గాని దాని ఆంతర్యానికి కాదన్నాడు. పనివాళ్ళను తిరిగి చేర్చుకోమని, చోటు లేనివారికి సొమ్ము ఇమ్మని సిఫార్సు చేశాడు. సిఫార్సే గాని శాసనం కాదు కదా, యజమాని జార్జి వార్డు కాదు పొమ్మన్నాడు. 1978 జూలైలో సమ్మె ముగిసింది. ఉద్యోగాలు తిరిగి రాలేదు.

మా అసంతృప్తి ఎక్కడంటే, తగవంతా తొలగింపు చుట్టూ తిరిగింది. దానికి ముందు రోజూ జరిగినదానికి ఫిర్యాదులనే చిన్న పేరు మిగిలింది. పాయిఖానాకు వెళ్ళాలన్నా మగ మేనేజరును అడగవలసి వచ్చేదని ఆ ఆడవాళ్ళు చెప్పారు. దీన్ని క్రమశిక్షణ అనడానికి వైద్యులుగా మాకు నోరు రాదు. అడగడానికి సిగ్గుపడే ఆడమనిషి నీళ్ళు తాగడం మానేస్తుంది, మూత్రం ఆపుకుంటుంది. ఎండల్లో అలా ఉంటే మూత్రనాళం జబ్బులు రావడానికి ఎంతసేపు? గర్భిణికైతే మరీ ప్రమాదం. ఒంటికి తగిలిన ఈ దెబ్బ ఏ తొలగింపు ఉత్తరంలోనూ కనబడదు. తీసేసిన రోజున కోర్టు లెక్క మొదలవుతుంది. అవమానం లెక్క ఆ మనిషి పనిలో చేరిన రోజునే మొదలయింది.

ఇక మన సంగతి. స్పాన్సర్ మీద ఆధారపడ్డ వీసాతో వచ్చిన మన పిల్లలు కేర్ హోముల్లో, ఆస్పత్రుల్లో ఉన్నారు. ఆ ఉద్యోగం పోతే మరో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి సాధారణంగా ఇచ్చే గడువు 60 రోజులు. అది తెలిసిన పైఅధికారి నలుగురి ఎదుటా చీవాట్లు పెట్టినా, సెలవు రోజున రమ్మన్నా, వాళ్ళు తలవంచుకుని సరేనంటారు. తీసెయ్యవలసిన అవసరమే రాదు, తీసేస్తానన్న భయం చాలు.

జార్జి వార్డు పుట్టింది న్యూఢిల్లీలో. ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, పనిచేయించుకునే వైపున ఇప్పుడు మనవాళ్ళూ ఉన్నారు. ఈ పత్రిక అందుకునే ఇళ్ళల్లో కేర్ హోములు నడిపేవారున్నారు, వార్డుల్లో పెత్తనం చేసే డాక్టర్లున్నారు. మీ దగ్గర రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి కాసేపు కూర్చోవాలంటే ఎవరిని అడగాలి? అడిగితే ఏ మాట పడాలి?