చచ్చి బతికించినవాడు

కత్తివేటు తిన్న మనిషి మామూలుగా ముందుకు బోర్లా పడతాడు. జపాన్ సినిమా నటుడు ఫుకుమోతో సెయిజో అలా పడడు. వెన్ను వెనక్కి వంగిపోతుంది, మొహం ఆకాశంవైపు తిరుగుతుంది, వేళ్లు దేన్నో పట్టుకోబోయి వణుకుతాయి. ఒక్క క్షణం అలాగే నిలబడి, అప్పుడు కూలిపోతాడు. ఆ క్షణంలో మన చూపు కథానాయకుణ్ణి వదిలేసి అతని మీద ఆగుతుంది. ఆయన పేరు చెబితే జపాన్ ప్రేక్షకులకు మొదట గుర్తొచ్చేది ఈ వంపే. దానికి వాళ్లు రొయ్య పేరు పెట్టుకున్నారు.

బోర్లా పడితే కెమెరాకి మొహం కనపడదు. వెనక్కి వంగితే కనపడుతుంది. నాలుగు సెకన్ల పాత్రలో తన మొహం చూపించుకోవాలన్న ఆశ అందులో ఉంది, నిజమే. కానీ నాకు అంతకంటే పెద్దది ఇంకొకటి కనిపిస్తుంది. హీరో చేతిలో ఉన్నది చాలాసార్లు వెండిరంగు పూత వేసిన వెదురు కత్తి. దానితో వంకాయ కూడా తెగదు. ఆ కత్తికి పదును ఉందని మనం నమ్మామంటే, నమ్మించింది పట్టుకున్నవాడు కాదు, పడినవాడు.

ఫుకుమోతో 1943లో హ్యోగో ప్రాంతంలో పుట్టారు. 15 ఏళ్లకే క్యోతోలోని ఉజుమసాలో తోయెయ్ స్టూడియోలో చేరారు. సమురాయ్ సినిమాలు అక్కడ ఒకదాని వెంట ఒకటి తయారవుతున్న రోజులవి. పేరున్న నటులకు విడి గదులు. పేరులేని వాళ్లందరికీ కలిపి ఒక పెద్ద గది. ఆ పెద్ద గది మనుషుల్లోనే ‘కిరారెయాకు’లు ఉంటారు, అంటే హీరో కత్తికి బలయ్యే పాత్రలు వేసేవాళ్లు. ఫుకుమోతో జీవితమంతా ఆ పనే చేశారు. తర్వాత సమురాయ్ సినిమాల జోరు తగ్గి, నేరముఠాల కథలు చెప్పే యకూజా సినిమాలు వచ్చాయి. కత్తులు పోయి తుపాకులు వచ్చినా చచ్చే పని ఆయనదే. టీవీలో ‘మితో కోమోన్’, ‘అబరెంబో షోగున్’ లాంటి సీరియళ్లలో వారం వారం కూలిపోయారు. 50 వేలసార్లు చచ్చిన మనిషి అని జనం పిలుచుకున్నారు. అది నోటి లెక్కే కావచ్చు. అయినా ఒకే ఎపిసోడ్‌లో చచ్చి, లేచి, వేషం మార్చుకుని మళ్లీ చావడం ఈ వృత్తిలో మామూలే.

ఈ పనిలో కష్టం పడటంలో కన్నా రావడంలో ఉందని నాకనిపిస్తుంది. హీరోని పదిమంది చుట్టుముడతారు. అందరూ ఒకేసారి మీదపడితే హీరో బతకడు, ఒక్కొక్కరే వరసగా వస్తే చూసేవాడు నమ్మడు. అందుకని ముందువాడు పడే లోపే రెండోవాడి అడుగు మొదలవ్వాలి, కానీ హీరో తిరిగేదాకా కత్తి దిగకూడదు. నిజంగా చంపడానికే వస్తున్నట్టు రావాలి, హీరో ఒంటి మీద గీతైనా పడకూడదు. హీరో అడుగు తడబడితే ఆ తప్పు తెరమీద తెలియకుండా తన అడుగు సర్దుకోవాల్సిందీ ఇతనే. ఈ మధ్య నేను కత్తియుద్ధాల్లో హీరోని చూడటం దాదాపు మానేశాను. వెనకాల నిలబడి తన వంతు కోసం ఎదురుచూసే మనిషి కాళ్లు చూస్తున్నాను. యుద్ధం అక్కడే జరుగుతోంది.

2003లో ‘ది లాస్ట్ సమురాయ్’ వచ్చింది. టామ్ క్రూజ్ వెంట నీడలా తిరిగే ముసలి సమురాయ్ ఫుకుమోతోనే. సినిమా పొడుగునా మాట్లాడడు. చివరి యుద్ధంలో తుపాకీ గుండుకి అడ్డుపడుతూ, తాను కాపలా కాసిన మనిషి పేరు పెట్టి ఒక్క కేక వేసి చచ్చిపోతాడు. హాలీవుడ్ పిలిచినా పని మారలేదు, ఆ చావులో ఆయన చూపించిన శ్రద్ధా మారలేదు.

ఈలోగా టీవీలో సమురాయ్ కథలు ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి. 1969లో మొదలైన ‘మితో కోమోన్’ కూడా 2011లో ముగిసింది. చచ్చేవాళ్లకి పని లేకుండా పోయింది. ఆ దిగులు మీదే 2014లో దర్శకుడు ఒచియాయ్ కెన్ ‘ఉజుమసా లైమ్‌లైట్’ తీశారు. చాప్లిన్ ‘లైమ్‌లైట్’ని తలుచుకుంటూ పెట్టిన పేరు అది. సీరియల్ ఆగిపోయాక పక్కకి నెట్టేసిన ఒక ముసలి కిరారెయాకు, కత్తి నేర్చుకోవాలని వచ్చిన ఒక అమ్మాయి. అంతే కథ. అయిదు దశాబ్దాలు దాటాక ఫుకుమోతోకి అది మొదటి ప్రధాన పాత్ర. కెనడాలోని మాంట్రియల్‌లో జరిగే ఫాంటేసియా ఉత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చేనాటికి ఆయన వయసు 71. ఆ సినిమాలో ఆయన ఎక్కువగా చేసేది ఊరికే చూడటం. ఎదుటివాడి కదలికని జీవితమంతా గమనించినవాడి చూపు అది. నేర్పితే వచ్చేది కాదు.

ఆయన గురించి వచ్చిన పుస్తకానికి పెట్టిన పేరు, ఎక్కడో ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారని. కెమెరా తనవైపు లేనప్పుడు కూడా పూర్తిగా చచ్చిన మనిషికి సరిపోయే పేరు. 2021 జనవరి 1న, 77 ఏళ్ల వయసులో, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఫుకుమోతో నిజంగా వెళ్లిపోయారు.

మనకీ కత్తి సినిమాలున్నాయి. కత్తి కాంతారావు పేరు ఇప్పటికీ చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. ఆయన కత్తికి కోట మెట్ల మీంచి దొర్లిన భటుల్లో ఒక్కరి పేరైనా మనకి తెలుసా? ఇవాళ్టి సినిమాల్లోనూ ఫైట్ మాస్టర్ పేరు పెద్ద అక్షరాల్లో పడుతుంది. అద్దాలు పగలగొట్టుకుంటూ, తాళ్లకి వేలాడి నేలకి కొట్టుకుంటూ పనిచేసిన ఫైటర్ల పేర్లు చాలా సినిమాల్లో ఎక్కడా పడవు. నిర్మాతలకి, దర్శకులకి నా విన్నపం ఒక్కటే. సినిమా చివర్లో నడిచే పేర్లలో వాళ్లవీ వేయండి, ఒక్కొక్కరి పేరూ, ఎవరినీ వదలకుండా.