రెగ్యులేటర్ ఎక్కడ కావాలి?

పండుగల ముందు జగిత్యాల, కోరుట్లల్లో ఆంప్లిఫయర్ రిపేరుకు ఇచ్చేవాళ్లు తరచూ అనే మాట: 'సప్లై రెగ్యులేటెడ్ చెయ్యండి, హమ్ పోతుంది, సౌండ్ నిలకడగా ఉంటుంది.' మైకు, టోన్ కంట్రోల్ ఉండే ప్రీఆంప్ వరకైతే ఆ మాట నిజమే. మైకు నుంచి వచ్చేవి కొన్ని మిల్లీవోల్టులు. అక్కడ దూరిన హమ్ తర్వాతి స్టేజీలన్నిటిలో పెరుగుతూ పోతుంది. ఓ 7815, ఓ 7915 రెగ్యులేటర్ ఐసీలు పెడితే తక్కువ ఖర్చుతో ఆ పీడ విరగడవుతుంది. పవర్ స్టేజికి మాత్రం రెగ్యులేటర్ దండగ. ఆ డబ్బు మంచి ట్రాన్స్‌ఫార్మర్ మీద, పెద్ద కెపాసిటర్ల మీద పెట్టడం మేలు.

25-0-25 ట్రాన్స్‌ఫార్మర్‌కు బ్రిడ్జి, కెపాసిటర్లు కలిపితే రెండు వైపులా సుమారు 34 వోల్టులు వస్తాయి. వైపుకు 10,000 మైక్రోఫారడ్లు వేసి 2 ఆంపియర్లు లాగితే 100 హెర్ట్జ్ రిపుల్ 2 వోల్టుల లోపే ఉంటుంది. ఎల్ఎం3886 లాంటి పవర్ ఆంప్లిఫయర్ ఐసీ దాన్ని వేల రెట్లు అణిచేస్తుంది కాబట్టి స్పీకర్ దాకా వచ్చేది లెక్కలోకి రాదు. మరి వోల్టేజ్ నిలవని చోట ఎలా?  సిరిసిల్లనే తీసుకోండి, ఆ ఊరి బతుకంతా మోటార్లతో నడిచే సాంచాల (మరమగ్గాల) మీదే. ఏ మోటారైనా స్టార్టయ్యే క్షణంలో మామూలుకు అయిదారు రెట్లు కరెంటు గుంజుతుంది, లైను చివర్లో బల్బు మసకబారుతుంది. 230 కాస్తా 190కి పడితే మన 34 వోల్టులు 28 అవుతాయి, గరిష్ఠ పవర్ మూడో వంతు తగ్గుతుంది. గెయిన్‌ను నిర్ణయించేది ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు గనక, మామూలు వాల్యూంలో చెవికి తేడా తెలియదు. రెగ్యులేటర్‌తో అదే 34 నిలపాలంటే ముందు 42 ఉండాలి. ఆ 8 వోల్టులు 2 ఆంపియర్ల దగ్గర వైపుకు 16 వాట్ల వేడి, అదీ మే నెలలో 45 డిగ్రీలు దాటే జగిత్యాల ఎండల్లో. లైను 190కి పడ్డప్పుడు 42 కూడా 35 లోపుకు దిగుతుంది. రెగ్యులేటర్‌కు పట్టు దొరకదు, రిపుల్ అలాగే దాటిపోతుంది. సరిగ్గా అవసరమైనప్పుడే అది చేతులెత్తేస్తుందన్నమాట.

1975లో వచ్చిన బ్రిటిష్ ఆంప్లిఫయర్ నైమ్ ఎన్ఏపీ 250లో పవర్ స్టేజికే రెగ్యులేటర్ ఉంది, దానికి పేరూ ఉంది. ఖర్చుకు వెనుకాడకుండా ఇంట్లో పాట వినడానికి చేసిన యంత్రం అది. మన పండుగ మండపాల లెక్క వేరు.

కాబట్టి హమ్ వస్తే ముందు వాల్యూం సున్నాకు తిప్పి చూడండి. ఆగిపోతే లోపం ప్రీఆంప్ వైపుది, అక్కడ రెగ్యులేటర్ వేయించండి. ఆగకపోతే ఫిల్టర్ కెపాసిటర్లు, గ్రౌండ్ వైరింగ్ చూపించండి.