పటమట పంక్తి, చుండూరు కోర్టు

జాతి వివక్ష అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది కాన్సాస్. 2017 ఫిబ్రవరి 22 రాత్రి ఒలేతా అనే ఊళ్లో, ఒక బార్‌లో, మా దేశం నుంచి పొమ్మంటూ ఒకడు తుపాకీ పేల్చాడు. కూచిభొట్ల శ్రీనివాస్ చనిపోయాడు. పక్కనున్న స్నేహితుడు గాయపడ్డాడు. అక్కడే ఉన్న ఇయాన్ గ్రిలట్ అనే తెల్ల కుర్రాడు హంతకుణ్ణి ఆపబోయి తనూ తూటా దెబ్బ తిన్నాడు. అతను ఇల్లు కొనుక్కోవడానికి హ్యూస్టన్‌లోని భారతీయులు చందాలు పోగుచేసి లక్ష డాలర్లు ఇచ్చారు. విజయవాడ చుట్టుపక్కల ఏ ఊరు తీసుకున్నా అమెరికాలో ఒక కొడుకో కూతురో ఉన్న ఇళ్లు బోలెడు. ఆ వార్త విని ఆ తల్లిదండ్రులకి కంటి మీద కునుకు పట్టి ఉండదు. గ్రిలట్ పేరు తెలిసినవాళ్లంతా అతన్ని మెచ్చుకున్నారు.

మెచ్చుకోవాల్సిందే. కాకపోతే ఆ మెప్పుతో పాటే రావాల్సిన ప్రశ్న ఒకటి రాలేదు. మన ఊళ్లో, మన కులంవాడే కర్ర ఎత్తినప్పుడు అడ్డం వెళ్లినవాడెవడు?

కులమూ జాతీ ఒకటి కాదనేవాళ్లున్నారు. 2001లో డర్బన్‌లో జాతి వివక్ష మీద ఐక్యరాజ్యసమితి సదస్సు జరిగినప్పుడు దళిత సంఘాలు కులాన్నీ చర్చకి పెట్టమన్నాయి, మన ప్రభుత్వం వద్దంది. ఆ తగువు పండితులకి వదిలేద్దాం. పుట్టుకని బట్టి ఒక మనిషి ఎక్కడ కూర్చోవాలో, ఏ నీళ్లు తాగాలో, ఎవరిని చేసుకోవాలో ముందే తేల్చేయడం రెండు చోట్లా ఉంది. దాన్ని ఊళ్లో ఉన్నవాళ్లు ఎలా ఎదుర్కొన్నారు అన్నదే ఇక్కడ చూడదలచుకున్నది. కృష్ణా డెల్టాలో దానికి రెండు దార్లు కనిపిస్తాయి. ఒకటి ముదునూరులో మొదలై పటమట చేరింది. రెండోది చీరాలలో మొదలై చుండూరు చేరింది. ఈ రెండిటినీ ఒకేచోట పెట్టి చూసినవాళ్లు తక్కువ. గోరా గురించి రాసేవాళ్లు చుండూరు ఊసెత్తరు. చుండూరు గురించి రాసేవాళ్లు గోరాని ఓ మంచి పెద్దమనిషిగా ఒక్క వాక్యంలో సాగనంపేస్తారు.

గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు, 1902లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పేవాడు. జంధ్యం తీసేసి ఇంట్లోంచి బయటికి నడవాల్సి వచ్చింది. నాస్తికుడైన పాపానికి కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది, తర్వాత బందరులోనూ నిలవలేదు. 1940 ఆగస్టు 10న కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. 1947లో దాన్ని విజయవాడ పటమటకి మార్చాడు. ఆయనా, భార్య సరస్వతీ గోరా పట్టుకున్న ముఖ్యమైన ఆయుధం సహపంక్తి భోజనం. అన్ని కులాలవాళ్లూ ఒకే వరసలో, ఒకే వంట తినాలి. ఇవాళ ఇది చప్పగా అనిపించవచ్చు. హోటల్లో పక్క బల్ల మీద ఎవరున్నారో ఇప్పుడెవడు చూస్తాడు? 1940ల్లో పల్లెటూళ్లో మాదిగవాడి పక్కన విస్తరి వేసుకుంటే మర్నాడు చాకలి రాడు, మంగలి రాడు, పిల్లకి సంబంధం రాదు. ఆ విస్తరి ఖరీదు అది.

పైగా గోరా విస్తరి దగ్గర ఆగలేదు. నాకు ఆయన మీద గౌరవం కలిగేది అక్కడే. పెద్దకూతురు మనోరమని దళితుడైన అర్జునరావుకిచ్చి చేయడానికి నిర్ణయించుకుని గాంధీతో మాట్లాడాడు. సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నాడు. నాస్తికుల పెళ్లి కాబట్టి ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికీ ఒప్పుకున్నాడు. ఈలోగా గాంధీ హత్య జరిగింది. పెళ్లి 1948 మార్చిలో సేవాగ్రామ్‌లోనే అయింది. ఆ తర్వాత 1960లో కొడుకు లవణం గుర్రం జాషువా కూతురు హేమలతని చేసుకున్నాడు. అంటరానితనం మీద తెలుగులో అంత గొంతెత్తిన కవి ఆ ఇంటికి వియ్యంకుడయ్యాడు. సభల్లో కులనిర్మూలన గురించి గంటలకొద్దీ మాట్లాడి, ఇంటికెళ్లి పెళ్లిళ్ల పేరయ్యకి 'మనవాళ్లలోనే చూడండి' అని ఫోన్ చేసే పెద్దమనుషుల్ని విజయవాడలో ఏ వీధిలోనైనా చూపించవచ్చు. ఆ లెక్కన గోరా మాటకీ చేతకీ మధ్య ఇంటి గుమ్మం కూడా లేదు. 1972లో ఆవు మాంసం, పంది మాంసం పక్కపక్కన పెట్టి స్నేహ విందు జరిపినప్పుడు ఊరంతా గగ్గోలు పెట్టింది. అయినా వెనక్కి తగ్గలేదు.

ఇంత చేసినా ఈ దారికి ఒక హద్దు ఉంది. పంక్తి లేచాక ఎవరి ఇంటికి వాళ్లు వెళ్తారు. మర్నాడు తెల్లవారితే చేను ఎవరిదో వాళ్లదే, కూలి రేటు చెప్పేదీ వాళ్లే. పక్కన కూర్చుని తిన్నవాడు పొలంలో మళ్లీ పాలేరే. రెండో విషయం, పిలిచేవాడు ఎప్పుడూ పైకులంవాడే. దళితుడు అతిథి. అతిథికి మర్యాద ఉంటుంది, హక్కు ఉండదు. ఎప్పుడు పిలవాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది పిలిచేవాడి చేతిలోనే ఉంటుంది. దీనికి గోరాని తప్పుపట్టడం లేదు. తన కులం చేసిన పాపాన్ని తన ఇంట్లోంచే కడగడం మొదలుపెట్టాడు, అది ఆయన చేయగలిగింది, చేశాడు. 1975 జులై 26న విజయవాడ సభలో గ్రామాల మార్పు గురించి మాట్లాడుతూనే కన్నుమూశాడు. ఆయన పోయి పదేళ్లు నిండకుండానే కారంచేడు జరిగింది.

డెల్టా అంచున, చీరాల పక్కనున్న పెద్ద ఊరు కారంచేడు. అప్పటి ముఖ్యమంత్రి వియ్యంకుడి ఊరు కూడా. 1985 జులై 16న మాదిగలు మంచినీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర ఒక కమ్మ యువకుడు గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే ఒక మాదిగ కుర్రాడు వద్దన్నాడు. కుర్రాణ్ణి కొట్టబోతే నీళ్లకి వచ్చిన సువార్త అనే ఆమె బిందె ఎత్తి అడ్డం వెళ్లింది. కాన్సాస్‌లో గ్రిలట్ చేసిన పని ఆమె ముప్ఫై రెండేళ్ల ముందే చేసింది. కాకపోతే ఆమె కొట్టేవాడి కులం మనిషి కాదు, దెబ్బలు తినేవాళ్ల మనిషి. మర్నాడు జరిగిన దాడిలో ఆరుగురు మాదిగలు చనిపోయారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి.

బతికినవాళ్లు చీరాల వెళ్లి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. తలదాచుకోవడం వరకూ ఎక్కడైనా జరిగేదే. ఇక్కడ వాళ్లు మళ్లీ ఊరికి పోం అన్నారు. ఏ చేనుకి కూలికెళ్లాలో, ఏ చెరువు నీళ్లు తాగాలో ఇంకొకడు చెప్పే ఊరు మాకొద్దు, చీరాలలోనే ఇళ్లివ్వమన్నారు. చీరాలలోని విజయనగర్ కాలనీ అలా వచ్చింది. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం ఉద్యోగానికి రాజీనామా చేసి వచ్చాడు. పొన్నూరు లెక్చరర్ కత్తి పద్మారావు వచ్చాడు. 1985 సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో రావడం వెనక కారంచేడు కదిలించిన కోపం ఉంది. చేతిలో సెంటు భూమి లేనివాళ్లు ఊరు విడిచిపెట్టి ఢిల్లీలో చట్టం రావడానికి కారణమయ్యారు. దీన్ని పారిపోవడం అంటే నేనొప్పుకోను. పనిచేసే చేతులు లేకపోతే మోతుబరి చేను మోతుబరి ఒక్కడే కోసుకోలేడు. సాంఘిక బహిష్కారాన్ని తిరగేసి వాడటం అంటే అదే.

చుండూరు వాళ్లు ఇంకోలా ఆలోచించారు. తెనాలి నుంచి చీరాల వెళ్లే రైలు దారిలో ఉన్న ఊరు అది. అక్కడి మాలపల్లెలో చదువుకున్న కుర్రాళ్లు, రైల్వేలో పనిచేసేవాళ్లు ఉండేవారు. పూర్తిగా ఊరి చేల మీదే ఆధారపడాల్సిన అవసరం లేదు. బహుశా పెద్దకులాలకి కంటగింపు అయింది కూడా అదే. సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా పెద్దదైంది, దళితుల్ని పనుల్లోంచి వెలేశారు. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని వెంటాడి చంపి, కొందరి శవాల్ని గోనెసంచుల్లో కట్టి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు. వీళ్లూ తెనాలిలో శిబిరం వేసుకున్నారు. కానీ కారంచేడు వాళ్లలా ఊరు వదలలేదు. చనిపోయినవాళ్లని ఊళ్లోనే పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. దారిన పోయే ప్రతివాడికీ అది కనపడాల్సిందే.

వాళ్లు అడిగిన ఇంకో కోరిక దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. కేసు విచారణ చుండూరులోనే జరగాలన్నారు. బయటివాళ్లకి మొదట ఇది మొండితనంలా కనపడి ఉంటుంది. కోర్టంటే గుంటూరులో ఉండాలి కదా. ఇందులో ఎంత లెక్క ఉందో కూలికెళ్లేవాళ్లకి తెలుస్తుంది. గుంటూరు వాయిదాకి వెళ్లాలంటే రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీ అవుతుంది. వెళ్లాక 'ఇవాళ వాయిదా పడింది' అంటారు. కోర్టు వరండాలో నిందితుల బంధువులు పక్క బల్ల మీదే కూర్చుని ఉంటారు. ఇలా పది వాయిదాలు తిరిగితే సాక్షి తనంతట తానే జారిపోతాడు, బెదిరించక్కర్లేదు. కోర్టే ఊళ్లోకొస్తే సాక్షి తన పేటలోంచి నడిచి వస్తాడు. జడ్జి చుండూరు నేల మీద కూర్చుంటే, ఇన్నాళ్లూ రచ్చబండ దగ్గర తీర్పులు చెప్పినవాళ్లు బోనులో నిలబడాలి. అట్రాసిటీ చట్టం కింద నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టడం అదే మొదటిసారి. పౌరహక్కుల ఉద్యమం నుంచి వచ్చిన న్యాయవాది బి. చంద్రశేఖర్ స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నిలబడ్డాడు. 2007 జులై 31న తీర్పు వచ్చింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు, 123 మంది విడుదల.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్ష పడ్డ 56 మందినీ వదిలేసింది.

ఇది చూపించి, చూశారా కోర్టుల వల్ల ఏమవుతుంది, మనుషుల మనసులు మారాలి అనేవాళ్లు వెంటనే తయారవుతారు. అంటే మళ్లీ పంక్తి దగ్గరికే రమ్మంటున్నారన్నమాట. ఆ వాదనలో పస లేదు. పదహారేళ్ల పాటు రాజీకి రాకుండా, డబ్బుకి లొంగకుండా, భయానికి లొంగకుండా ఒక పేట మొత్తం సాక్ష్యం చెప్పింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం వేసేసరికి 2008 డిసెంబరు వచ్చింది. 23 ఏళ్లు. అప్పటిదాకా నిలబడ్డవాళ్ల మనసులు మారాల్సిన పనేముంది? మారాల్సినవాళ్లు ఎవరో తెలుస్తూనే ఉంది.

రెండు దార్లనీ తూచి చూస్తే నాకు చుండూరు వైపే మొగ్గు. పంక్తిలో దళితుడికి చోటు ఇస్తారు, చుండూరులో దళితుడే చోటు ఎంచుకున్నాడు. కాకపోతే గోరా దగ్గర ఉన్న ఒక వస్తువు చీరాల శిబిరానికీ చుండూరు కోర్టుకీ దొరకలేదు. సొంత కులానికి ఎదురుతిరిగి నష్టపోవడానికి సిద్ధపడ్డ ఇరుగుపొరుగు మనిషి. ఎనిమిదిమందిని పట్టపగలు తరిమినప్పుడు ఊళ్లో మిగతా కులాలవాళ్లు తలుపులేసుకుని కళ్లు మూసుకున్నారని నేననుకోను. కళ్లకి కనపడింది నోటిదాకా రాలేదు. ముదునూరు విస్తరి ముందు కూర్చున్న ధైర్యం చుండూరులో సాక్షి బోనుదాకా నడిచి ఉంటే కథ ఎలా ఉండేదో.

ఇప్పటి సంగతి చూద్దాం. విజయవాడ స్వరాజ్య మైదానంలో 2024 జనవరి 19న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది. సాయంత్రాలు జనం కిటకిటలాడుతూ ఫొటోలు దిగుతారు. అక్కణ్ణుంచి ఏ వీధిలోకైనా వెళ్లి టు-లెట్ బోర్డు ఉన్న గుమ్మం ముందు నిలబడండి. ఇంటావిడ అద్దె చెబుతుంది, అడ్వాన్సు చెబుతుంది, కృష్ణా నీళ్లు రెండుపూటలా వస్తాయంటుంది. చివర్లో, గొంతు కాస్త తగ్గించి, 'ఇంతకీ మీరేవిట్లండీ?' అంటుంది. జవాబు విని 'మా వారిని కనుక్కుని చెప్తానమ్మా' అంటుంది. సాయంత్రం ఫోన్ చేస్తే ఆల్రెడీ ఇచ్చేశామంటారు. బోర్డు మాత్రం వారం దాకా వేలాడుతూనే ఉంటుంది. దీని మీద కేసు కట్టడం దాదాపు అయ్యేపని కాదు, సాక్ష్యం ఉండదు. ఇక్కడ చట్టం కన్నా పై అంతస్తులో అద్దెకున్న మనిషి ఎక్కువ పని చేయగలడు. 'అదేంటండీ, ఆ అమ్మాయికి ఎందుకివ్వలేదు?' అని అపార్టుమెంటు అసోసియేషన్ మీటింగులో ఒక్కరు పైకి అడిగితే రెండోసారి ఆ ప్రశ్న వేయడానికి ఇంటావిడ జంకుతుంది. గోరా దారి ఇప్పటికీ పనికొచ్చేది ఇలాంటిచోటే. దాడి జరిగినచోట పనికొచ్చేది చుండూరు దారి.

ఆ దారికి ఇప్పుడు కొత్త దన్ను కూడా ఉంది. 1989 చట్టాన్ని 2015లో సవరించారు, అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. ఛార్జిషీటు వేశాక వీలైనంతవరకూ రెండు నెలల్లో విచారణ ముగియాలని అందులో ఉంది. బాధితులకీ సాక్షులకీ రక్షణ, దారి ఖర్చులు ఇవ్వాలని ఉంది. వెలివేయడం నేరమని ఉంది. దీనికి తోడు ప్రతి నెలా 30న పౌరహక్కుల దినం పేరుతో రెవెన్యూవాళ్లూ పోలీసులూ దళితవాడకి వచ్చి సభ పెట్టాలి. చాలాచోట్ల ఆ సభకి వచ్చేది పేటవాళ్లే. చట్టం వినాల్సిన మిగతా ఊరు ఆ ఛాయలకి రాదు.

మీరు ఆ మిగతా ఊరివాళ్లయితే వచ్చే 30న వెళ్లండి. సభ జరగకపోతే తహసీల్దారుకి ఎందుకు జరగలేదని రాతపూర్వకంగా అడగండి. కళ్లముందు ఏదైనా జరిగితే, ఎస్సై వచ్చి చూసినవాళ్లెవరని అడిగినప్పుడు, సాక్షుల జాబితాలో మీ పేరు రాయించండి.