మన గాలిలో చిన్న విమానం

దేశపు పౌర విమానయాన శాఖను చూసిన మంత్రుల్లో ఇద్దరు మన ఉత్తరాంధ్రవాళ్ళే. 2014 నుంచి 2018 దాకా విజయనగరం అశోక్ గజపతిరాజు, 2024 జూన్ నుంచి శ్రీకాకుళం రామ్మోహన్ నాయుడు. ఢిల్లీ, హైదరాబాదు విమానాశ్రయాలను నడుపుతున్న జీఎంఆర్ సంస్థను స్థాపించిన గ్రంధి మల్లికార్జునరావు పుట్టింది రాజాంలో. భోగాపురంలోని అల్లూరి సీతారామరాజు విమానాశ్రయంలో 3,800 మీటర్ల రన్‌వే వెలిసింది. ఇంత ఉండి కూడా, ఉద్యోగం కోసం కాకుండా కేవలం ఇష్టం కొద్దీ విమానం నడపాలనుకునే టెక్కలి కుర్రాడో బొబ్బిలి టీచరమ్మో హైదరాబాదు బేగంపేటకో, ఇంకా దూరానికో పోవలసిందే.

మన ఇళ్ళల్లో విమానం మాట వస్తే టికెట్ ధర గురించో, పైలట్ జీతం గురించో మాట్లాడుకుంటాం. ఇద్దరో నలుగురో కూర్చునే చిన్న విమానాన్ని ఆదివారం తెల్లవారుజామున షెడ్డులోంచి బయటకు తోసుకొచ్చి, ఓ గంట తిరిగి, దిగి, కడిగి, తుడిచి మళ్ళీ లోపల పెట్టుకునే సంప్రదాయం ఒకటుందని చాలామందికి తెలియదు. నా దృష్టిలో విమానవిద్యకు అసలు ఇల్లు అదే.

మన దేశంలో ఆ విద్య వేళ్ళూనుకున్నదే ఫ్లయింగ్ క్లబ్బుల్లో. 1928లో ఢిల్లీలో, బొంబాయిలో క్లబ్బులు మొదలయ్యాయి. మరుసటి ఏడు ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా చేతికి వచ్చిన లైసెన్సు మీద నంబరు 1 అని ఉంది. 1936లో సరళా ఠక్రాల్ లాహోరులో చీర కట్టుకునే జిప్సీ మాత్ నడిపి లైసెన్సు తెచ్చుకున్నారు. అలహాబాదు క్లబ్బులో నేర్చుకున్న ప్రేమ్ మాథుర్‌కు పైలట్‌గా ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. 1949 జాతీయ వైమానిక పోటీ గెలిచింది ఆవిడే. వీళ్ళందరిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం టాటా ముదిమి. 1932 అక్టోబరు 15న పుస్ మాత్‌లో కరాచీ నుంచి బొంబాయికి తపాలా మోసుకొచ్చిన ఆయన, సరిగ్గా యాభై ఏళ్ళకు, 78వ ఏట, లెపర్డ్ మాత్ అనే పాత చిన్న విమానంలో ఒంటరిగా అదే దారి మళ్ళీ ఎగిరారు. అంత పెద్ద సంస్థలు నడిపిన మనిషి ఆ వయసులో దానికోసం ఎవరి బలవంతం మీదా పూనుకోలేదు.

ఈ విద్య చేతికి ఎలా వస్తుందో చూద్దాం. మన నిబంధనల ప్రకారం ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 17 ఏళ్ళ వయసు, పదో తరగతి చదువు, వైద్య పరీక్ష, వాతావరణం, దారి లెక్కలు, గగన నిబంధనల వంటి వాటిలో రాతపరీక్షలు, కనీసం 40 గంటల ఎగురుడు కావాలి. ఆ లైసెన్సుతో డబ్బు తీసుకుని ఎవరినీ తిప్పకూడదు. అంటే చట్టమే దీన్ని ఇష్టానికి కేటాయించింది.

పని మొదలయ్యేది నేల మీదే. సెస్నా 152 లాంటి రెండు సీట్ల విమానం చుట్టూ తిరిగి చూడడానికి తొందరపడకుండా పావుగంట పడుతుంది. రెక్కల కింది మూతల దగ్గర కాస్త ఇంధనం గాజు గొట్టంలోకి వంపి వెలుతురుకు ఎత్తి చూస్తారు. ఈ పెట్రోలుకు నీలం రంగు కలుపుతారు. నీరు చేరితే అడుగున రంగులేకుండా తేరి కనిపిస్తుంది. మన తేమ గాలికి సగం నిండిన ట్యాంకులో రాత్రికి రాత్రే నీరు ఊరుతుంది కాబట్టి ఇది మొక్కుబడి తనిఖీ కాదు. గాలి వేగం కొలిచే పిటో గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కడతాయి. ఇంజను మూత కింద గోరింకలు గడ్డి పేరుస్తాయి. వేలు పెట్టి, లైటు వేసి, వంగి చూసుకోవాలి.

పైకి లేవడం తేలిక. దిగడమే విద్య. రన్‌వే పక్కన వెయ్యి అడుగుల ఎత్తులో దీర్ఘచతురస్రంలా ఒక చుట్టు తిరిగి, దిగి, ఆగకుండానే మళ్ళీ లేవడం. దీన్నే సర్క్యూట్ అంటారు. నేర్చుకునేవాళ్ళు ఒక్క ఉదయంలోనే ఎన్నో చుట్లు తిరుగుతారు. 1919 నుంచి విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ పిల్లలు సరళీ స్వరాల మీద చేసే సాధకం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ప్రతి చుట్టులోనూ ఏదో ఒకటి తేడాగా వస్తుంది, దాన్ని చెవి పట్టుకున్నట్టు చెయ్యి పట్టుకోవాలి. ముక్కు ఎత్తితే వేగం తగ్గుతుంది, థ్రాటిల్ తగ్గిస్తే ఎత్తు తగ్గుతుంది. దిగేటప్పుడు ఈ రెండింటినీ తారుమారు చేసుకోకుండా, నేలకు కొన్ని అడుగుల పైన విమానాన్ని మెల్లగా నిలబెట్టి, అది ఇక ఎగరలేనంటున్న క్షణంలో చక్రాలు ఆనించాలి.

ఆ ఎగరలేని క్షణాన్ని కూడా సాధన చేయిస్తారు. గాలికి రెక్క దాదాపు 15 డిగ్రీల కోణం దాటి వాలితే పైన గాలి చెదిరిపోయి రెక్క బలం జారిపోతుంది. మూడు వేల అడుగుల పైన గురువు పక్కన కూర్చుని దీన్ని కావాలని తెప్పిస్తాడు. హారన్ సన్నగా కూస్తుంది, విమానం వణికి ముక్కు వంచుతుంది. అప్పుడు మనిషి సహజంగా వెనక్కి లాగబోతాడు. చేయవలసింది ముందుకు వదలడం. భయానికి ఎదురుగా చేతిని మళ్ళించే ఈ పాఠం ఒకసారి నేర్చుకుంటే చాలదు. అందుకే ఏళ్ళు గడిచినా మళ్ళీ మళ్ళీ చేస్తారు.

మన ప్రాంతపు గాలికి తనవైన పాఠాలు ఉన్నాయి. పొద్దున నేలగాలి, ఎండ ఎక్కాక ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి. తీరానికి సమాంతరంగా రన్‌వే ఉంటే మధ్యాహ్నం అది అడ్డగాలి. విమానాన్ని గాలివైపు కొంచెం మళ్ళించి ఏటవాలుగా వచ్చి, చివర్లో పెడలు నొక్కి నిటారు చేసి, గాలివైపు రెక్క దించి దిగాలి. పడమటి గాలి బలంగా వీస్తే తూర్పు కనుమల నీడలో, మహేంద్రగిరి వైపు, గాలి సుడులు తిరుగుతుంది. అటు పోతే ఎత్తుగా పోవాలి. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో ఉరుముల మబ్బు చూసి వెనక్కి తిరగాలి. అక్టోబరు సంగతి చెప్పనక్కర్లేదు: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చింది ఆ నెలలోనే. తేలినీలాపురం కొంగలూ గూడబాతులూ సెప్టెంబరు నుంచి వసంతం దాకా ఉంటాయి. ఎండకు లేచే వేడిగాలిలో అవి చిన్న విమానం ఎత్తుకే చేరతాయి, కాబట్టి ఆ ఊరి మీదుగా దారి పెట్టుకోకపోవడమే మర్యాద.

చదవగానే నమ్మబుద్ధి కాని సంగతి మరొకటి. బయట 25 డిగ్రీల ఎండ ఉన్నా కార్బురేటర్ లోపల మంచు పట్టవచ్చు. సన్నని గొంతులోంచి గాలి దూసుకుపోతున్నప్పుడు, పెట్రోలు ఆవిరవుతున్నప్పుడు అక్కడ వేడి ఒక్కసారిగా పడిపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే అదే గడ్డకడుతుంది. భీమిలి నుంచి బారువ దాకా మన తీరమంతా తేమే. అందుకే దిగడానికి ఇంజను తగ్గించేటప్పుడు వేడిగాలి మీట లాగడం ఇక్కడ ప్రాణాధారమైన అలవాటు.

ఇంజను ఆగితే? మూడు వేల అడుగుల నుంచి సెస్నా 152 సుమారు ఎనిమిది కిలోమీటర్లు జారుతూ పోగలదు. కాబట్టి ఎగిరే ప్రతి నిమిషం కింద దిగడానికి ఒక చోటు కంట్లో ఉండాలి. సంక్రాంతి తర్వాత కోత కోసిన వరిమళ్ళు గట్టిపడి ఉంటాయి. గట్లకు అడ్డంగా కాకుండా పొడవునా దిగాలి, కరెంటు తీగెలు కనబడకపోయినా స్తంభాలు కనబడతాయి. అదే మడి ఆగస్టులో నీళ్ళతో నిండి చక్రాలను పట్టేస్తుంది. ఉద్దానం కొబ్బరితోటల మీదా, తీరం వెంబడి సరుగుడు తోటల మీదా మరికాస్త ఎత్తు ఉంచుకోవాలి. ఏ నెలలో ఏ నేల ఎలా ఉంటుందో మన రైతుకు తెలుసు, ఏ పూట గాలి ఎటు తిరుగుతుందో మన మత్స్యకారుడికి తెలుసు. ఇక్కడ నేర్చుకునే పైలట్ పుస్తకాలతో పాటు వాళ్ళ దగ్గర కూర్చోవాలని నా గట్టి అభిప్రాయం.

దారి పట్టుకోవడం అన్నిటికన్నా హాయి. భోగాపురం దగ్గర లేచి సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుంటే కోనాడ దగ్గర చంపావతి, కళ్ళేపల్లి దగ్గర నాగావళి, కళింగపట్నం దగ్గర వంశధార వరసగా సముద్రంలో కలుస్తూ కనిపిస్తాయి. కళింగపట్నం లైట్‌హౌస్ దాకా అరగంట లోపే. లోపలి దారి కావాలంటే విజయనగరం, ఆమదాలవలస, పలాస కలిపే హౌరా రైలుపట్టా ఉంది. మ్యాపు, దిక్సూచి, గడియారం చూసుకుని, గాలి ఎంత పక్కకు నెడుతుందో లెక్కగట్టి, అనుకున్న నిమిషానికి అనుకున్న ఏరు కింద కనబడితే కలిగే తృప్తిని జీపీఎస్ ఇవ్వదు. విశాఖ మీద నావికాదళం గగనం ఉంది కాబట్టి దూరం పోయే ముందు ప్లాను దాఖలు చేసి, వైమానిక రక్షణ అనుమతి నంబరు తీసుకోవాలి.

ఇక సొంత విమానం. ఒక్కరే కొనడం ధనవంతుల మాట. లోకమంతటా నడిచే పద్ధతి, ఎనిమిదో పదో మంది కలిసి ఒకటి కొనడం. షెడ్డు అద్దె, బీమా, ఏటేటా తనిఖీ ఎగిరినా ఎగరకపోయినా ఉంటాయి, వాటిని సమంగా పంచుకుంటారు. పెట్రోలు, నూనె ఎగిరినవాళ్ళవి. దాదాపు 2,000 గంటలకు ఇంజను మొత్తం విప్పి బాగు చేయించాలి కనుక గంటకింత అని దానికి పక్కన పెడతారు. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్ళలో కొందరు ఇలాంటి క్లబ్బుల్లోనే నేర్చుకుని శనివారాలు ఎగురుతున్నారు. అక్కడి నియమం ఒకటి నాకు చాలా నచ్చుతుంది: గడిచిన 90 రోజుల్లో మూడుసార్లు లేచి దిగకపోతే పక్కన మనిషిని ఎక్కించుకోకూడదు, ప్రతి 24 నెలలకూ గురువు పక్కన కూర్చుని చూపించాలి. ఎంత సీనియర్ అయినా అంతే.

మన దగ్గర ఇది మొదలవ్వాలంటే భోగాపురం పెద్ద రన్‌వే మీద జెట్‌ల మధ్య చోటు అడగడం కన్నా, లోపలి మండలాల్లో ఎక్కడో 800 మీటర్ల చిన్న రన్‌వే అడగడం మేలు. చిన్న విమానానికి అది ధారాళంగా సరిపోతుంది. మొదటి విమానంగా నేనైతే బెంగళూరులోని ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ తయారుచేసిన హంస-ఎన్‌జీ కొనమంటాను. 1958లో ప్రభుత్వ విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ పుష్పక్ అనే రెండు సీట్ల విమానాన్ని ఎగరేసి, దాదాపు 160 తయారుచేసి దేశంలోని క్లబ్బులకు పంచింది. ఆ వారసత్వం ఇప్పుడు హంసది. దీని శరీరం అల్యూమినియం కాదు, మిశ్రమ పదార్థం, కాబట్టి ఉప్పుగాలికి తినుకుపోయే భాగం తక్కువ. 2021లో ఎగిరిన ఈ కొత్త రకంలో ఇంధనాన్ని చిమ్మే రోటాక్స్ ఇంజను ఉంది. అందులో కార్బురేటరే లేదు కనుక మన తేమకు మంచు పట్టే బెడద తీరుతుంది. మిగిలిన లోహపు భాగాలను మాత్రం దిగిన ప్రతిసారీ మంచినీళ్ళతో కడగాలి, రెక్కలకూ తోకకూ తాళ్ళు కట్టి మేకులకు బిగించాలి. అక్టోబరులో ఆ తాళ్ళు రెండింతలు చేయాలి.